పన్నెండు లోపు తేదీలు

ఆనేకల్ బస్టాండు గోడ మీద ఆమె ఫోటో అంటించి ఉంది. నలుపు తెలుపు కాగితం. పైన కన్నడంలో శ్రద్ధాంజలి, మధ్యలో ఆమె ముఖం, కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ. రెండు తేదీలూ ఉత్త అంకెల్లో వేశారు. ఆ అంకెల్లో రోజూ నెలా అన్నీ పన్నెండు లోపే. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఆ కాగితం అచ్చువేసినవాడిని పిలుచుకొచ్చి గోడ ముందు నిలబెట్టి, "ఇందులో రోజు ఏది, నెల ఏది?" అని అడగాలనిపించింది. ఆమె బతికి ఉంటే అదే అడిగేది. గొంతు పెంచకుండా, కళ్ళద్దాల పైనుంచి చూస్తూ అడిగేది.

పక్కన కొట్లో టీ తాగి, మళ్ళీ వచ్చి ఆ కాగితం చూశాను. కోపం తగ్గలేదు. కాకపోతే ఈసారి అది అచ్చాఫీసువాడి మీద లేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఒకసారి ఆమె పేరును రాయకూడని కాగితం మీద రాశారు. అప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను.

తొంభైల చివర్లో జయనగరంలో ఒక మందుల షాపు పైన, రెండో అంతస్తులో మా ఆఫీసు ఉండేది. పెద్ద కంపెనీలు వద్దనుకున్న పనులు మాకు వచ్చేవి. పాత కాగితాలను కంప్యూటర్లోకి ఎక్కించడం ముఖ్యమైన పని. ఎక్కించేవాళ్ళు ఆరుగురు ఆపరేటర్లు. వాళ్ళు ఎక్కించడానికి కావలసిన తెరల ప్రోగ్రాములు రాసేవాణ్ణి నేను. కదిరిలో బీఏ చదివి వచ్చినవాణ్ణి. కంప్యూటర్ సర్టిఫికెట్ ఒక్కటి కూడా లేదు. నేర్చుకున్నదంతా పార్కులోని ఎర్ర రంగు లైబ్రరీలో నేర్చుకున్నాను. ఆదివారం తెరిచే వేళకు మెట్ల మీద ఉండేవాణ్ణి. కంప్యూటర్ పుస్తకాలు రెండే అరలు, అవీ పాతవి. వాటిని రెండేళ్ళలో అన్నీ చదివాను. చదివినదంతా చేత్తో నోటుబుక్కుల్లో ఎత్తి రాసుకున్నాను. డబ్బు కట్టి నేర్చుకున్నవాళ్ళ కంటే నాకు ఎక్కువ తెలుసని నా నమ్మకం. చాలాసార్లు అది నిజం కూడా.

ఆపరేటర్లలో ఆమె పెద్దది. అప్పటికి యాభైకి దగ్గరపడి ఉంటుంది. పదిహేనేళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్లో నేర్పించి, ఆ ఇన్‌స్టిట్యూట్ మూతపడితే మా దగ్గరికి వచ్చింది. వస్తూ వస్తూ అక్కడినుంచి రెండు వస్తువులు తెచ్చుకుంది. ఒకటి కుర్చీలో వేసుకునే దిండు. రెండోది కాగితాలు నిలబెట్టుకునే చెక్క స్టాండు. ఎడమచేతి చూపుడువేలు స్టాండు మీది కాగితంపై వరుస వెంట నడిచేది. కుడిచెయ్యి కీబోర్డు కుడిపక్కన ఉండే అంకెల మీటలపై ఉండేది. రెండు చేతులకూ మధ్య ఆమె ముఖం ఏ పనీ లేనట్టు ప్రశాంతంగా ఉండేది. తెర వంక చూసేది కాదు. వరుస అయ్యాక ఒక్కసారి చూసి, కింది వరుసకు పోయేది. పదకొండు గంటలకు ఆపి, పది వేళ్ళూ ఒక్కొక్కటిగా విరుచుకునేది. పదో వేలు అయ్యేదాకా ఎవరూ పలకరించకూడదు.

ఆమెతో ఎవరైనా మాట్లాడుతూ మధ్యలో అందుకుంటే, "మాట ముగించనీ అప్పా" అనేది. మేనేజరుతోనూ అంతే. టీ తెచ్చే మనిషితోనూ అంతే.

ఆమె వాళ్ళది ఆనేకల్ పక్క. ఇంట్లో తాతలనాటి నుంచీ తెలుగే. చదువు మాత్రం కన్నడం. తెలుగు ఒక్క అక్షరం చదవలేదు. ఈ సంగతి తెలియక నేను ఒకసారి లైబ్రరీ నుంచి తెలుగు నవల తెచ్చి ఇచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మన కన్నడం అక్షరాలకు చుట్టాలు మాదిరి ఉండాయప్పా. ముఖాలు తెలుసు, పేర్లు తెలీదు" అని తిరిగి ఇచ్చేసింది.

"నేర్పిస్తానక్కా, వారంలో వస్తుంది."

"ముందు నీ డబ్బాకు నేర్పించు. దానికి అంకెలే రావు."

డబ్బా అంటే తెర మీద తేదీ కొట్టే గడి. దానికి ఆమె పెట్టిన పేరు అది. మా ఇద్దరి మధ్య నడిచిన యుద్ధమంతా ఆ గడి గురించే.

ఆ తెర నిజానికి అంతకుముందు ఒక అమెరికా పని కోసం చేసింది. వాళ్ళు నెల ముందు రాస్తారు, రోజు తర్వాత రాస్తారు. తర్వాత చందాపుర దగ్గరి ఒక ఫ్యాక్టరీ పని వచ్చింది. ఏళ్ళ తరబడి టెంపరరీగా పనిచేస్తున్న కార్మికుల వివరాలు ఎక్కించాలి. ఎవరు ఏ తేదీన చేరారు, ఏ షిఫ్టులో పనిచేస్తున్నారు అన్నది ముఖ్యం. చేరిన తేదీని బట్టి వరుస పెట్టి, ముందు చేరినవాళ్ళను పర్మనెంటు చేస్తారట. మేనేజరు నన్ను పిలిచి, "పాత స్క్రీనే కొంచెం అడ్జస్ట్ చేసెయ్యండి, రెండు రోజుల్లో స్టార్ట్ చేసేద్దాం" అన్నాడు. కోస్తావాడు. మాటకు ముందు ఒక నవ్వు, మాట తర్వాత ఒక నవ్వు.

మొదటి రోజే ఆమె నన్ను పిలిచింది.

"ఏమప్పా, ఈ డబ్బాకు ఓపిక లేదే. ముప్పై ఒకటో తారీకు అని చెప్పబోతాండా. మూడు కొట్టంగానే సరే మూడే అని పక్కకు దూకి పోతాది. నా మాట ముగించనీ అని దానికి చెప్పు."

నెల మూడుతో మొదలైతే దాని పక్కన ఇంకో అంకె ఉండదు కాబట్టి గడి దూకుతోంది. అంటే అది మొదటి అంకెను ఇంకా నెల అనే అనుకుంటోంది. ఆ క్షణంలోనే నాకు అర్థం కావలసింది. నేను ఆ దూకడాన్ని తీసేసి, చాలా గొప్పగా, "ఇప్పుడు చూడక్కా" అన్నాను.

మరుసటి రోజు మళ్ళీ పిలిచింది. ఇరవై ఐదు, ఏడు అని కొడితే గడి కీక్‌మని అరిచి, కొట్టిందంతా తుడిచేస్తోంది.

"తప్పుంటే చూపించు, తుడిచేయొద్దు. మా ఇన్‌స్టిట్యూట్లో పిల్లోళ్ళు తప్పు కొడితే నేను ఎర్ర పెన్నుతో గీత పెడతాంటి. కాగితం చించేస్తాంటినా?"

షిఫ్టు సమయం కొట్టే గడితోనూ పేచీయే.

"రెండు కొడితే తెల్లవారి రెండంట. ఎవురప్పా వచ్చేది ఆ పొద్దుకి?"

"ఇరవైనాలుగు గంటల లెక్కక్కా అది. మధ్యాహ్నం రెండంటే పద్నాలుగు కొట్టాల."

"పద్నాలుగు గంటలకు షిఫ్టుకు పోతాను అనే కూలోడు ఆ ఫ్యాక్టరీలో ఒకడుంటే పిల్చుకుని రా. నేను పొగిడి పంపిస్తా."

పక్క ఆపరేటర్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆమెకు కాలం గురించి ఏం తెలుసు అనుకున్నాను. నేను క్యాలెండర్ల మీద ఒక లావు పుస్తకం చదివి ఉన్నాను. పదహారో శతాబ్దంలో లెక్క సరిచేయడానికి క్యాలెండరులోంచి పది రోజులు ఒక్కసారిగా తీసేశారని, ఒక రాత్రి పడుకుని లేచేసరికి పది రోజులు గడిచినట్టు లెక్క అని ఆమెకు వివరంగా చెప్పాను. మధ్యలో అందుకోకుండా చివరిదాకా విన్నది.

"ఆ పది దినాల్లో పుట్టాల్సినోళ్ళు ఏమైరి?"

"అట్లా కాదక్కా, అది లెక్క వరకే..."

"లెక్క వరకే అని లెక్క రాసినోడు అంటాడు. ఆ లెక్కలో ఉండేవాడు అనడు."

అప్పుడు దీన్ని చదువుకోనివాళ్ళ మాట అనుకున్నాను. నా నోటుబుక్కుల్లో అంతకంటే విలువైన వాక్యం ఒక్కటి ఉందేమో వెతుక్కుంటే ఇప్పుడు నాకు దొరకడం లేదు.

ఆమె చివరిగా ఒకటి అడిగింది. "నేను అంకెల్లోనే కొడతానప్పా. వరుస అయినంక నువ్వు నెల పేరు అక్షరాల్లో తిరిగి చెప్పు. అంతే."

"ఎందుకక్కా? కొట్టిన అంకెలు కనపడతానే ఉన్నాయి కదా?"

"కింద మందులంగడాయన చీటీ చూసి, మందు పేరు మనకు తిరిగి చదివి చెప్తాడు. ఎందుకు? వాడికి కండ్లు కనపడకనా?"

టైము లేదక్కా అన్నాను. గడిలో అంత చోటు లేదన్నాను. రెండూ అబద్ధాలు. అరగంట పని అది. ఒక ఆపరేటర్ చెప్పింది నేను చేయడమేమిటి అన్నది అసలు కారణం.

దానికి బదులు నాకు తోచిన తెలివి నేను చేశాను. మొదట కొట్టిన సంఖ్య పన్నెండు దాటితే అది నెల కాదు కాబట్టి, దాన్ని రోజుగా తీసుకోమని గడికి చెప్పాను. కొట్టింది కొట్టినట్టే తెర మీద కనపడేట్టు పెట్టాను. అరుపు ఆగిపోయింది, తుడవడం ఆగిపోయింది. మేనేజరు భుజం తట్టాడు. ఆపరేటర్లు చప్పట్లు కొట్టారు.

మొదటి సంఖ్య పన్నెండు లోపు ఉంటే? అప్పుడు గడి పాత అలవాటు ప్రకారం దాన్ని నెలగానే లోపల రాసుకునేది. నవంబరు మూడున చేరిన మనిషికి ఆమె మూడు, పదకొండు అని కొట్టేది. తెర మీద మూడు, పదకొండు అనే కనపడేది. లోపల మాత్రం మార్చి పదకొండు అని పడేది. కొట్టినవాళ్ళకు తెలిసే దారి లేదు. నెల పేరు అక్షరాల్లో కనపడి ఉంటే మొదటి గంటలోనే తెలిసిపోయేది.

నాకు తెలియక జరిగిందని చెప్పుకోలేను. ఎర్ర లైబ్రరీలో నేను చదివిన ఒక పుస్తకంలో ఈ విషయం మీద ఒక పేజీ ఉంది. పన్నెండు లోపు సంఖ్యలను రెండు రకాలుగా చదవవచ్చు కాబట్టి యంత్రం ఊహించకూడదు, మనిషిని అడగాలి అని ఉంది. అది నా మూడో నోటుబుక్కులో నా చేతిరాతతో ఉంది, కింద గీతతో సహా. చదవనివాడు తప్పు చేస్తే వాడికి ఒక దారి ఉంది, పోయి చదువుకుంటాడు. చదివి, ఎత్తి రాసుకుని, గీత కూడా గీసుకున్నవాడు ఎక్కడికి పోవాలి?

పని మూడు వారాల్లో ముగిసింది. ఫ్యాక్టరీవాళ్ళు మా జాబితాను గేటు దగ్గర అంటించారు. సాయంత్రానికి గేటు ముందు మనుషులు నిలబడ్డారు. నవంబరులో చేరినవాడు మార్చిలో చేరినట్టు పైకి పోయాడు. జనవరి పదిన చేరినవాడు అక్టోబరు ఒకటికి జారి, జాబితాలోంచే కిందికి పడిపోయాడు. ఒకాయన తన చేరిక కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చాడట. ఫ్యాక్టరీ సిబ్బంది విభాగం అధికారి ఆ తప్పులన్నిటికీ ఎర్ర టిక్కులు పెట్టి, మా ఆఫీసుకు వచ్చి బల్ల మీద పడేశాడు.

మేనేజరు ఆ కాగితాలు ఆమె ముందు పెట్టాడు. చాలా మటుకు ఆమె ఎక్కించినవే. వేగంగా కొట్టేది ఆమే కాబట్టి సగానికి పైగా పని ఆమెదే.

ఆ మధ్యాహ్నం ఆమె భోజనానికి లేవలేదు. అసలు కాగితాలను నేల మీద పరుచుకుని కూర్చుంది. కాసేపటికి అవి మూడు కట్టలయ్యాయి. వేళ్ళు విరుచుకుంది. నేను నా బల్ల దగ్గర్నుంచి చూస్తున్నాను. రెండో కట్ట ఎత్తు పెరుగుతుండగానే నాకు తెలిసిపోయింది. లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చోవడానికి నాకు పది అడుగుల దూరం. కూర్చోలేదు.

అద్దాల గదిలోకి మమ్మల్ని ఇద్దరినీ పిలిచారు. అధికారి ఉన్నాడు. మేనేజరు ముందు ఒక కాగితం టైపు చేసి ఉంది. ఆపరేటర్ పొరపాటు వల్ల తేదీలు తప్పుగా నమోదయ్యాయని, ఆమె పేరుతో సహా, ఇంగ్లీషులో.

"చిన్న ఫార్మాలిటీ మేడం. మీరొక సైన్ పెట్టేస్తే క్లయింట్‌కి క్లోజ్ చేసేస్తాం. మీ జాబ్‌కి ఏం ప్రాబ్లం లేదు, అది నా గ్యారంటీ. టైపింగ్ అన్నాక మిస్టేక్స్..."

"మాట ముగించనీ అప్పా."

"మీరింకా మొదలే పెట్టలేదు కదండీ" అని మేనేజరు నవ్వాడు.

"ఇప్పుడు పెడతా." మూడు కట్టలూ బల్ల మీద పెట్టింది. "ఇవి పన్నెండో తారీకు దాటి చేరినోళ్ళవి. ఒక్కటి గూడా తప్పు లేదు. ఇవి పన్నెండు లోపల చేరినోళ్ళవి. అన్నీ తప్పే. ఇవి ఐదో నెల ఐదు, ఏడో నెల ఏడు, అట్లాంటివి. ఎట్ల చదివినా ఒకటే, బచావైరి. నా చెయ్యి తప్పు చేసింటే అన్నిట్లో చేయాల గదా. పన్నెండు మీద నా చేతికి ఏం పగ?"

అధికారి ముందుకు వంగి కట్టలు చూశాడు. మేనేజరు నవ్వు ఒక్క క్షణం ఆగింది. నా వైపు తిరిగాడు.

"ఏమయ్యా, నీ ప్రోగ్రాంలో ఏమన్నా ఉందా?"

ఆమె కూడా నా వైపు తిరిగింది. ఆ చూపులో నింద లేదు. సమాధానం తెలిసిన టీచరు, పిల్లవాడు చెప్పేదాకా ఆగుతుంది చూడండి, అట్లా చూసింది.

"చూడాలి సార్" అన్నాను.

అంతే అన్నాను. అందులో అబద్ధం లేదు కూడా. ఆ రెండు మాటలతో నా ఉద్యోగం నిలబడింది. సర్టిఫికెట్ లేనివాణ్ణి, పోతే ఇంకెవరు ఇస్తారు అనుకున్నాను. ఆమె చేతిలో పదిహేనేళ్ళ పని ఉందని, ఆ చేతికి తప్పులేదన్న పేరు తప్ప ఆమెకూ వేరే సర్టిఫికెట్ లేదని నేను అనుకోలేదు.

ఆమె సంతకం పెట్టలేదు. "నాది కాని తప్పు కింద నా పేరెట్ల రాస్తానప్పా" అని మాత్రం అంది. దిండు చంకలో పెట్టుకుని, చెక్క స్టాండు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయింది. సంతకం లేకుండానే ఆ కాగితాన్ని ఫ్యాక్టరీకి పంపారు. పేరు చాలు, సంతకం ఎవరికి కావాలి? ఆ సాయంత్రమే గడిని సరిచేశాను. నెల పేరు అక్షరాల్లో కనపడేట్టు కూడా పెట్టాను. అరగంట పట్టింది. జాబితా మళ్ళీ తీశారు. కార్మికుల తేదీలు కార్మికులకు తిరిగి వచ్చాయి. ఆమె పేరు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

తర్వాత మూడు రోజులు, ఆఫీసు వదిలే వేళకు, ఎదురుగా ఉన్న బస్టాపులో ఆమె నిలబడి ఉండడం కిటికీలోంచి చూశాను. ఆమె ఎక్కే బస్సు అక్కడ ఆగదు. నేను మందుల షాపు వెనక మెట్ల నుంచి దిగి, సందులోంచి పోయాను. మూడు రోజులూ.

ఈ ఊళ్ళో తర్వాత అద్దాల భవనాలు లేచాయి. నేనూ ఒకదాంట్లోకి పోయాను. అక్కడ ఏసీ గదుల్లో కూర్చుని, ఎక్కడో ఎవరో తేదీ కొట్టి, అది తప్పుగా పడితే, "యూజర్ ఎర్రర్" అని రాసి ఫైలు మూసేవాళ్ళం. వాడుకునేవాడిదే పొరపాటు అని అర్థం. ఎన్నిసార్లు విన్నానో, ఎన్నిసార్లు నేనే రాశానో లెక్క లేదు. ఆ మాట నాకు ఏ లైబ్రరీ పుస్తకంలోనూ ఎదురుపడలేదు. ఆఫీసుల్లోనే నేర్చుకున్నాను. దాన్ని విన్నప్పుడల్లా నా కళ్ళ ముందు మూడు కట్టల కాగితాలు కనపడతాయి. పళ్ళు కొరుక్కుంటాను. కొరుక్కుని, పని చేసుకుంటాను. మనం కోపం అని పిలుచుకునేది చాలావరకు అంతే.

కొన్నేళ్ళ తర్వాత, ఒక స్నేహితుడి స్థలం రిజిస్ట్రేషనుకు సాక్షిగా ఆనేకల్ పోయాను. అక్కడ దరఖాస్తులు టైపు చేసే చిన్న అంగట్లో ఆమె ఉంది. అదే దిండు, అదే చెక్క స్టాండు. ఎదురుగా కంప్యూటరు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"సాక్షి పుట్టిన తేదీ?" అంది.

అంకెల్లో చెప్పాను.

"నెల పేరు చెప్పు."

చెప్పాను. కొట్టింది. తెర మీద పడిన దాన్ని నాకు తిరిగి చదివి వినిపించింది.

"అక్కా, ఆ రోజు తప్పు నాదే. గడిలో..."

"తెలుసప్పా." చేతులు ఆగలేదు. "నువ్వు సాయంత్రం సరిచేస్తివని నా పక్క సీటు ఆమె ఆ పొద్దే చెప్పింది. ఆఫీసులో భయపడి చెప్పలేదేమో, బయట చెప్తాడులే అనుకుంటి. మూడు దినాలు ఆ బస్టాపులో నిలబడితిని."

ఆమె వేలు కాగితంపై కింది వరుసకు దిగింది.

"నేను తిట్టేదానికి నిలబడలేదు. నువ్వు ఒక మాట చెప్తే, అది పట్టుకుని ఇంకో చోట పనికి అడుగుదామని. రెండు చోట్లకు పోయింటి. ఆ మేనేజరుకే ఫోన్ చేసి అడిగిరి. టైపింగులో తప్పులు ఎక్కువ అని చెప్పినాడంట."

"నేనిప్పుడు ఏం చేయాలక్కా?"

"రాసియ్యి. తప్పు ఆమె చేతిది కాదు, నా ప్రోగ్రాముది అని. నాకు చదవొచ్చే భాషలో."

"ఇప్పుడెందుకక్కా, అన్నీ అయిపోయినాయి కదా?"

మొదటిసారి ఆమె చేతులు ఆగాయి. "నీకు అయిపోయినాది."

రాసిస్తానని చెప్పాను. కన్నడం బాగా రాయడం వచ్చాక రాద్దామని అనుకున్నాను. లైబ్రరీ నుంచి కన్నడ వాచకాలు తెచ్చాను. వాచకాలు అయ్యాయి, కథలు అయ్యాయి, ఒక వ్యాకరణం కూడా అయింది. చదవడం నాకు ఎప్పుడూ కష్టం కాదు. కాగితం మాత్రం రాయలేదు. ఒక పని చేయకుండా ఉండడానికి చదువుకోవడం కంటే మర్యాదైన దారి లేదని నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మొన్న గోడ మీద ఆ కాగితం చూసి, టీ తాగి, బస్టాండులో బల్ల మీద కూర్చుని, ఆమె అడిగింది కన్నడంలో రాశాను. ఆరు వాక్యాలు. పావుగంట పట్టింది.

ఆమె టైపు అంగడి తెరిచే ఉంది. ఆమె చెల్లెలు కూర్చుని ఉంది, అదే పోలిక, కొంచెం లావు. నేనెవరో చెప్పి, కాగితం ఇచ్చాను. ఆమె నిలబడే చదివింది.

"ఈ ఆఫీసు ఇప్పుడుండాదా?"

"లేదు. మూసేశారు."

"ఆ మేనేజరు?"

"ఎక్కడున్నాడో తెలీదు."

"మా అక్క పోయింది. ఆఫీసు లేదు. అడిగేవాడు లేడు. మరి ఇది ఎవురికప్పా?"

ఏ పుస్తకంలోనూ చదవని ప్రశ్న అది. చెయ్యి చాచాను. ఆమె కాగితాన్ని నాకు తిరిగి ఇస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. వెలుతురుకు పట్టుకుని మళ్ళీ పైనుంచి కిందికి చూసింది.

"తేదీ వేయలేదే" అంది.

నిజమే. అన్నీ రాసి, తేదీ మరిచిపోయాను. ఆమె ఒక పెన్ను తీసి ఇచ్చింది. రోజు రాశాను. నెల పేరు అక్షరాల్లో రాశాను. ఇంత వయసొచ్చి, కన్నడ వ్యాకరణం చదివి, ఆ నెల పేరును బడిపిల్లాడిలా కూడబలుక్కుని రాశాను. ఆమె దాని కింద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం బయటికి చదివింది. చదివి, చెక్క స్టాండు మీద దాన్ని నిలబెట్టింది.

నేను ఇంకేదో చెప్పబోయాను.

"పెన్ను ఆడ పెట్టి పో అప్పా. అది మా అక్కది."

పెట్టి వచ్చాను.